పాత లారీకి హెడ్డు: పరీక్ష లేని బేరం చేటు

కోతల రోజుల్లో లారీ వారం పాటు షెడ్డులో నిలిచిపోతే కిరాయి పోతుంది, అప్పు వాయిదా మాత్రం ఆగదు. అందుకే పాత లారీకి సిలిండర్ హెడ్డు పగిలిందనగానే యజమానులు తక్కువ ధరకు దొరికిన సెకండ్‌హ్యాండ్ హెడ్డును హడావిడిగా తెచ్చి బిగిస్తున్నారు. ఈ తొందరే కొంప ముంచుతున్నది.

మొదట, ఏ ఇంజనుకు ఏ హెడ్డో తెలియాలి. పాత టాటా బండ్లలో 692, 697 ఇంజన్లున్నాయి. మొదటి అంకె ఆరు సిలిండర్లను, తర్వాతి రెండు అంకెలు బోరు 92 లేదా 97 మిల్లీమీటర్లని తెలుపుతాయి. ఒకదాని హెడ్డు రెండవదానికి పనికిరాదు. మధ్యలో ఇంజను మార్చిన బండ్లు కూడా ఉంటాయి కనుక బండి మోడల్ చెబితే చాలదు. ఇంజను నెంబరు రాసుకుని, పగిలిన హెడ్డును వెంట తీసుకుపోవడం మంచిది.

పాత హెడ్డు కొనేవారు పైరంగు చూసి మోసపోరాదు. వాల్వు సీట్ల నడుమ వచ్చే పగులు వెంట్రుక వలె సన్నగా ఉండి మసి కింద కనబడదు. నీటి దారులు మూసి, వేడినీటి తొట్టిలో ముంచి గాలి ఎక్కిస్తే బుడగలే గుట్టు బయటపెడతాయి. హెడ్డు మందం కూడా కొలవాలి. మితిమీరి ఫేసింగ్ చేసినదైతే వాల్వులు పిస్టన్‌కు తగిలే ప్రమాదముంది. పోత ఇనుప హెడ్డును ముందుగా సమంగా వేడిచేయకుండా వెల్డింగ్ పెట్టినా, పెట్టాక నెమ్మదిగా చల్లారనివ్వకపోయినా పక్కనే మరో పగులు వస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

కొత్త హెడ్డు కొనే తాహతు అందరికీ లేదన్న మాట నిజమే. పాతది కొనడంలో తప్పు లేదు. కానీ పరీక్ష లేకుండా కొన్నది నీరు కారితే గ్యాస్కెట్, ఆయిల్, కూలి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి. మిగిలిందనుకున్న సొమ్ముకు మించి చేతి చమురు వదులుతుంది.

మొదటి హెడ్డు ఎందుకు పగిలిందో చూడకపోవడం మరో పొరపాటు. ఉప్పు బోరు నీళ్ళు పోస్తే రేడియేటర్‌లో సున్నం పేరుకుని ఇంజను కాగుతుంది. కాగిన ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది. రేడియేటర్, వాటర్ పంపు బాగుచేయించకుండా ఏ హెడ్డు వేసినా అదే గతి.

దుకాణదారులు కొనేవారి ఎదుటే ప్రెషర్ టెస్టు చేసి, ఆ సంగతి బిల్లుపై రాసివ్వాలి. లారీ యజమానుల సంఘాలు ఇందుకు పట్టుబట్టాలి. వీలైతే సంఘం తరఫునే ఒక పరీక్ష తొట్టి ఏర్పాటు చేసుకోవాలి. ఒక్క బండి మీద బతికే కుటుంబాలకు అదే రక్ష.