పది రోజుల తీర్మానం



ఈసారి గోడపత్రికకు "కొత్త సంవత్సరంలో నా లక్ష్యం" అనే అంశం మీద రాయమన్నారు. చాలామంది నర్సు అవుతాను, టీచరు అవుతాను, పదో తరగతిలో ఫస్టు క్లాసు తెచ్చుకుంటాను అని రాశారు. చదివి సంతోషించాను. నేను క్రైస్తవురాలిని కాబట్టి మేము మందిరంలో చేసుకునే తీర్మానాల గురించి రాస్తున్నాను. క్రైస్తవులు కానివాళ్ళు కూడా దయచేసి చదవండి. ఎందుకంటే ఇందులో తప్పు నాది, కష్టపడింది మీలో ఒక అమ్మాయి.

మా ఊళ్ళో డిసెంబరు 31 రాత్రి ఆరాధన జరుగుతుంది. ఆ రోజుల్లో ఏజెన్సీలో చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. దుప్పట్లు కప్పుకొని 12 గంటల దాకా పాటలు పాడుతూ మేలుకుంటాం. తర్వాత అందరం వాగ్దాన కార్డులు తీసుకుంటాం. అప్పుడు పాస్టరు గారు ఒక్కొక్కరినీ లేచి తీర్మానం చెప్పమంటారు. పోయిన ఏడు నేను లేచి రెండు చెప్పాను. ఒకటి, ఏడాదిలో బైబిలు మొత్తం చదువుతాను. రెండు, రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేచి ప్రార్థన చేస్తాను. అందరూ ఆమేన్ అన్నారు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు చాలా గొప్పగా అనిపించింది.

మొదటి తీర్మానం ఏమైందో చెప్తాను. బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు ఉన్నాయి. ఏడాదిలో పూర్తి కావాలంటే రోజుకి మూడు అధ్యాయాల పైనే చదవాలి. ఆదికాండము 50, నిర్గమకాండము 40 అధ్యాయాలు ఎలాగో జనవరి నెలాఖరుకి లాగించేశాను. తర్వాత లేవీయకాండము వచ్చింది. బలులు, నియమాలు సగం అర్థం కాలేదు. ఇంతలో పరీక్షలు దగ్గర పడ్డాయి. అక్కడ రిబ్బను పెట్టి మూసేశాను. మొన్న డిసెంబరులో తెరిచి చూస్తే రిబ్బను అక్కడే ఉంది.

రెండో తీర్మానం మాత్రం నిలబెట్టుకున్నాను. అసలు తంటా అక్కడే వచ్చింది. 4 గంటలకు లేచి ట్రంకు పెట్టె పక్కన కూర్చుని ప్రార్థన చేసేదాన్ని. మెల్లగానే చేస్తున్నాననుకునేదాన్ని. పక్కవాళ్ళు దుప్పటి ముసుగులో అటూ ఇటూ దొర్లడం నాకు తెలుసు, కాని పట్టించుకోలేదు. ప్రార్థన అయ్యాక నాకు మళ్ళీ నిద్ర ముంచుకొచ్చేది. వరండా ఊడ్చే గంట కొట్టేసరికి "ఇంకా ప్రార్థనలో ఉన్నాను" అని దుప్పట్లోంచే చెప్పేదాన్ని. అది అబద్ధం. నా జట్టు అమ్మాయి ఒక్కతే ఊడ్చేది, ఒక్కతే నీళ్ళ డ్రమ్ము నింపేది. ఇలా చాలా రోజులు జరిగింది.

ఒకరోజు ఆమె చీపురు తెచ్చి నా పెట్టె మీద పెట్టి, "మీ దేవుడికి ప్రార్థన నీది, చీపురు నాదా?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. ఆమె నా దేవుణ్ణి వెక్కిరించిందని మా వాళ్ళందరికీ చెప్పాను. ఆమె వాళ్ళు ఆమె వైపు, మా వాళ్ళు నా వైపు అయ్యారు. వారం రోజులు హాలులో రెండు గుంపులుగా కూర్చుని అన్నం తిన్నాం. ఆ గొడవ ఎందుకొచ్చిందో చాలామందికి తెలీదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆమె దేవుణ్ణి ఏమీ అనలేదు. నన్నే అంది. న్యాయంగానే అంది.

అందుకే ఈసారి తీర్మానం చేసే ముందు దానియేలు కథ మళ్ళీ చదివాను. నాకైతే దానియేలు కూడా హాస్టలు పిల్లవాడే అనిపిస్తుంది. నెబుకద్నెజరు రాజు కొంతమంది యూదా కుర్రాళ్ళను బబులోనుకు పట్టుకుపోయాడు. అక్కడ వాళ్ళకి కల్దీయుల భాష, విద్య నేర్పించారు. మూడేళ్ళ చదువు. తిండి రాజుగారిదే. పేర్లు కూడా మార్చేశారు. దానియేలుకి బెల్తెషాజరు అని పెట్టారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే మనకి ఇది బాగా అర్థమవుతుంది.

రాజుగారి భోజనం తినకూడదని దానియేలు మనసులో గట్టిగా అనుకున్నాడు. అలాగని పళ్ళెం విసిరెయ్యలేదు. ముందు పై అధికారిని అడిగాడు. పిల్లలు చిక్కిపోతే రాజు తన తల తీస్తాడని ఆయన భయపడ్డాడు. అప్పుడు దానియేలు తమని చూసుకునే మనిషి దగ్గరికి వెళ్ళి, పది రోజులు మాకు శాకాహారం, మంచినీళ్ళు ఇచ్చి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం అని బతిమాలాడు. జీవితాంతం అనలేదు, ఏడాది అని కూడా అనలేదు. పది రోజులు అన్నాడు. తన భక్తి వల్ల ఇంకొకరి తల పోకుండా చూసుకున్నాడు. చదువూ మానలేదు.

నా అభిప్రాయం ఏమిటంటే, మన తీర్మానం ఖర్చు మనమే పెట్టుకోవాలి. పక్కవాళ్ళ నిద్రతో, పక్కవాళ్ళ చేతులతో చేసే భక్తి దేవుడికి ఇచ్చినట్టు కాదు. యేసుప్రభువు కూడా తెల్లవారకముందే లేచి ప్రార్థన చేశాడు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని ఆయన ఇంట్లోంచి బయటికి, ఎవరూ లేని చోటికి వెళ్ళాడు. శిష్యులు వెతుక్కుంటూ వచ్చేసరికి పనికి బయలుదేరాడు. నాలాగ దుప్పట్లో దూరలేదు.

పది రోజుల తీర్మానం ఏం తీర్మానం, దేవుడికి జీవితమంతా ఇవ్వాలి కదా అని మా వాళ్ళే కొందరన్నారు. జీవితమంతా ఇవ్వాల్సిందే. కాని ఏడాదికి 36 పదులు ఉన్నాయి. ఒక పది తప్పిపోతే ఇంకో పది మొదలుపెట్టవచ్చు. నేను లేవీయకాండములో ఆగిపోయాక, ఇంక ఏడాది పోయిందిలే అని మిగతా 11 నెలలు ఊరుకున్నాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు.

బలిపీఠం దగ్గరికి వచ్చినప్పుడు నీ మీద ఎవరికైనా కోపం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. అందుకని క్రిస్మస్ సెలవులకి ముందే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, రేపు నువ్వే ఊడ్చు. డ్రమ్ము కూడా" అంది. ఇదంతా గోడపత్రికలో రాస్తానంటే, పేరు వెయ్యకుండా రాసుకోమంది.

ఈ డిసెంబరు 31 రాత్రి మందిరంలో మళ్ళీ లేచి, పది రోజులకే తీర్మానం అని చెప్పాను. కొందరు నవ్వారు. పాస్టరు గారు "పదకొండో రోజు ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. మళ్ళీ పది రోజులు అన్నాను.

నా తీర్మానాలు ఇవి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మార్కు సువార్త రోజుకి ఒక్క అధ్యాయం చదువుతాను. నా వంతు వరండా ఊడ్చాకే ప్రార్థన చేస్తాను, అదీ మనసులోనే. లెక్కల హోంవర్కు చూసి రాయను. మధ్యలో సంక్రాంతి సెలవులొస్తే ఇంటి దగ్గర మా అమ్మ చేతిలో చీపురు అందుకుంటాను.

వార్డెన్ మేడమ్ గారికి ఒక చిన్న మనవి. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు పది నిమిషాలు అందరం నిశ్శబ్దంగా కూర్చోవడానికి అనుమతించగలరు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటారు. అక్కర్లేనివాళ్ళు పాఠం తలుచుకుంటారు. అప్పుడు తెల్లవారుజామున ఎవరి నిద్రా పాడవదు.

పది రోజులయ్యాక తీర్మానం నిలబెట్టుకున్నానో లేదో నన్ను అడగవద్దు. నా జట్టు అమ్మాయిని అడగండి.

తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించగలరు.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి