పిలవని మెహమాన్లు

మా మొహల్లాలో ఎవరి ఫోనైనా చేతిలోకి తీసుకుని చూడండి. అప్పు ఇచ్చే యాప్ ఒకటి, రమ్మీ ఆడించేది ఒకటి, ఫొటోలో మొహాన్ని తెల్లగా చేసేది ఒకటి, బ్యాటరీని చల్లబరుస్తానని వాదా చేసేది ఒకటి కనిపిస్తాయి. ఇది ఎప్పుడు పెట్టుకున్నావని అడిగితే "క్యా మాలూమ్ భాయ్, అదే వచ్చింది" అంటారు. నిజమే, అవి మనం పిలిస్తే వచ్చినవి కావు. వీడియోల మధ్య నుంచి, పిల్లల ఆటల మధ్య నుంచి, ఫోన్ల దుకాణంలో కుర్రాడి చేతి మీదుగా అవే మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాయి. నిజంగా జరూరత్‌కు వచ్చేవి మాత్రం ఎక్కడో అడుగున పడి ఉంటాయి. వాటికి ఇష్తెహార్ వేసేవాడు లేడు, ఎందుకంటే వాటితో ఎవరికీ కమాయీ లేదు. అందుకే వాటిని వెతుక్కోవడాన్ని కుర్రకారు షోకు అని తీసిపారేస్తే నేను ఒప్పుకోను. ఇది కూడా ఒక ఇల్మే, ఇంటికొకరైనా నేర్చుకోవాల్సిన ఇల్మ్.

మా అబ్బాజాన్ సంగతి చెబుతాను. డెబ్బై దాటారు. నాలుగేళ్ల నుంచి చెవులు మందగించాయి. వేలు పోసి వినికిడి మిషన్ కొన్నాం. దావత్‌లలో, నలుగురూ ఒకేసారి మాట్లాడే చోట అది గోలను ఇంకా పెద్దది చేస్తుందని తీసి జేబులో వేసుకుంటారు. చెవుడు మనిషిని ఎట్లా ఒంటరిని చేస్తుందో దగ్గరగా చూశాను. మొదట్లో "క్యా బోలే?" అని రెండుసార్లు అడుగుతారు. మూడోసారి అడగడానికి శరమ్. ఆ తర్వాత అర్థమైనట్టు తల ఊపడం అలవాటవుతుంది. డాక్టర్ ముందు కూడా అట్లాగే తల ఊపి వచ్చారు ఒకసారి. షుగర్ గోలీ తిండికి ముందు వేసుకోవాలా తర్వాతా అన్నది ఆయనకు వినపడనే లేదు.

లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని గూగుల్ వాళ్ల యాప్ ఒకటి ఉంది. 2019లో వచ్చింది. అమెరికాలో చెవిటివాళ్ల చదువుకు పేరున్న గాలొడెట్ యూనివర్సిటీ సాయంతో తయారు చేశారు. పైసా ఖర్చు లేదు. తెరిచి బల్ల మీద పెడితే చాలు, ఎదుటి మనిషి మాటలు అక్షరాలై తెర మీద పడుతూ పోతాయి. అక్షరాలు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా చేసుకోవచ్చు. తెలుగు కూడా రాస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్ లోపల యాక్సెసిబిలిటీ అనే చోట ముందే ఉంటుంది. లేకపోతే ప్లే స్టోర్‌లో దొరుకుతుంది. మన పెద్దవాళ్ల చేతుల్లోని ఫోన్లలో ఎన్నిట్లో ఇది ముట్టకుండా పడి ఉందో తలుచుకుంటే అఫ్సోస్ అనిపిస్తుంది.

మాకు అసలు పేచీ ఇంకోచోట వచ్చింది. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఉర్దూ అంటే లక్నో వాళ్ల ఉర్దూ కాదు, "నక్కో", "హౌ" అనే మన దక్కనీ. అబ్బాజాన్ చదువుకున్నది తెలుగు మీడియం. పొద్దున్నే తెలుగు పేపర్ చదవనిదే ఆయనకు చాయ్ దిగదు, కానీ ఉర్దూ అక్షరం రాదు. యాప్‌లో ఉర్దూ పెడితే ఉర్దూ లిపిలో రాస్తుంది, హిందీ పెడితే నాగరిలో రాస్తుంది. రెండూ ఆయన చదవలేరు. దక్కనీ అనే పేరు ఆ భాషల జాబితాలోనే లేదు. తప్పు యాప్‌ది అనను. మన జబాన్‌ను మనమే ఎక్కడ రాసి పెట్టాం గనక? చివరికి మేం దొరకబుచ్చుకున్న తరీఖా ఏమిటంటే, బల్ల మీద ఫోన్ పెట్టగానే ఇంట్లో అందరూ తెలుగులోకి మారిపోతారు. డెబ్బై ఏళ్లు "అజీ సునో" అని పిలిచిన ఇంట్లో ఇప్పుడు మా అమ్మీ "ఏమండీ, మందులు వేసుకున్నారా?" అని తెలుగులో అడుగుతుంది. అబ్బాజాన్ చదివి, నవ్వి, "హౌ, ఖాలియా" అని దక్కనీలోనే జవాబిస్తారు. డాక్టర్ ఎటూ తెలుగులోనే మాట్లాడతాడు కాబట్టి అక్కడ ముష్కిల్ లేదు. పోయిన నెల ఆయన డాక్టర్‌ను మూడు సవాళ్లు అడిగారు. తిరిగి మాట్లాడటం మొదలుపెట్టారు, నాకు అది చాలు.

ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ చదవలేని తరం మన జిల్లాల్లో చాలా పెద్దది. తాతల ఖత్‌లు పెట్టెలో ఉంటాయి, విప్పి చదివేవాళ్లు ఉండరు. రేఖ్తా వాళ్ల యాప్ గురించి ఉర్దూ షాయరీ ఇష్టపడేవాళ్లకు తెలిసే ఉంటుంది. ఒకే గజల్‌ను ఉర్దూ, నాగరి, రోమన్ మూడు లిపుల్లో చూపిస్తుంది. ఏ మాట మీద వేలు పెడితే దాని మానీ చెబుతుంది. నేను అలిఫ్, బే గుర్తుపట్టడం అక్కడే మొదలుపెట్టాను, పక్కన రోమన్ పెట్టుకుని. ఆ మూడు లిపుల్లో తెలుగు లేదు. కంప్యూటర్ చదువులు చదివిన మన పిల్లలు ఎవరైనా ఆ పని ఎత్తుకుంటే ఎంత బాగుండు!

ఇక మా ఖాలూ. ఆయనకు చూపు లేదు, మొహల్లా మూల మీద చిన్న కిరాణం నడుపుతారు. నోట్‌బందీకి ముందు నోటును వేళ్ల మధ్య పెట్టి ఎంతదో చెప్పేసేవారు. పాత 500 పొడవు 167 మిల్లీమీటర్లు, పాత 100 పొడవు 157. పది మిల్లీమీటర్ల ఫరక్ వేలికి తెలుస్తుంది. కొత్త నోట్లలో 500 పొడవు 150, 200 పొడవు 146, 100 పొడవు 142. మూడింటి వెడల్పూ 66. ఒకదానికీ ఇంకోదానికీ నాలుగు మిల్లీమీటర్లే తేడా. అంచున ఉబ్బెత్తు గీతలు పెట్టారు, కానీ నలుగురి చేతులు మారేసరికి అవి అరిగిపోతాయి. "సౌ దేకే పాన్ సౌ బోల్తే" అని ఖాలూ బాధపడేవారు. రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరిలో మణి అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంత నోటో గొంతుతో చెబుతుంది, ఒకసారి పెట్టుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. నోటు అసలీనా నక్లీనా అన్నది మాత్రం చెప్పదు, అది గుర్తుంచుకోవాలి. వెలుతురు కూడా ఉండాలి, అందుకే ఖాలూ గల్లా మీద ఒక బల్బు వేలాడదీశారు. తనకు అక్కరలేని దీపం నోట్ల కోసం వెలిగిస్తున్నానని ఆయనే జోక్ చేస్తారు. రిజర్వ్ బ్యాంక్ ఇంత మంచి పని చేసి ఊరుకుంది. బ్యాంకు గోడ మీద ఒక కాగితం అంటించినా ఇంకెంతమందికి ఫాయిదా ఉండేదో.

మంచివి దాక్కుని ఉంటే చెడ్డవి ఏం చేశాయో మనకు తెలియనిది కాదు. 2020 డిసెంబర్‌లో మన తెలంగాణలో అప్పు యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేశారు. ఆ యాప్‌లు ఆడిన ఆట చాలా సీదా. పెట్టుకునేటప్పుడే కాంటాక్టులు, ఫొటోలు చూసే ఇజాజత్ అడుగుతాయి. మజ్బూరీలో ఉన్నవాడు అన్నిటికీ సరే అని నొక్కుతాడు. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే ఆ కాంటాక్టుల్లోని చుట్టాలకు, ఆఫీసు వాళ్లకు బేఇజ్జత్ చేసే మెసేజ్‌లు పోతాయి. 2022లో రిజర్వ్ బ్యాంక్ నియమాలు తెచ్చింది. అప్పు యాప్‌లు ఫొటోలు, కాంటాక్టులు ముట్టకూడదని 2023 మే 31 నుంచి గూగుల్ కూడా అమలు పెట్టింది. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లకు ఈ నియమాలేవీ పట్టవు, వాటిని మాత్రం తెరవకండి.

అప్పుల వాళ్లే ఇట్లా చేస్తారనుకోకండి. 2020 నవంబర్‌లో మదర్‌బోర్డ్ అనే అమెరికా పత్రిక ఒక ఖబర్ బయటపెట్టింది. కోట్లమంది నమాజ్ టైములకు, ఖిబ్లాకు వాడే ముస్లిం ప్రో యాప్ నుంచి మనుషులు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న వివరం ఎక్స్-మోడ్ అనే కంపెనీకి పోతోందని, ఆ కంపెనీ అట్లాంటి వివరాలను అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు అమ్ముతోందని. గోల అయ్యాక ఆ కంపెనీతో తెగతెంపులు చేసుకుంటున్నామని యాప్ వాళ్లు ప్రకటించారు. నాకు తాజ్జుబ్ ఏమిటంటే, నమాజ్ టైము చెప్పడానికి మనిషి వెంట పడాల్సిన పనే లేదు. ఊరి అక్షాంశం, రేఖాంశం, తారీఖు ఉంటే సూర్యుడి లెక్క కట్టి చెప్పేయవచ్చు. ఫజర్‌కు, ఇషాకు సూర్యుడు క్షితిజం కింద ఎన్ని డిగ్రీలు ఉండాలన్నది, అసర్‌కు నీడ ఒక రెట్టా రెండు రెట్లా అన్నది ఒక్కసారి ఎంచుకుంటే చాలు. ఊరి పేరు ఒకసారి రాసుకునే యాప్ పెట్టుకుని, లొకేషన్ ఇజాజత్ తీసేయండి.

ఎఫ్-డ్రాయిడ్ అని 2010 నుంచి ఇంకో దుకాణం ఉంది. అందులోని యాప్‌ల లోపలి రాత అందరూ చదివి చూడవచ్చు, వెంటపడే గుణం ఉన్నదాని మీద ముందే హెచ్చరిక రాసి పెడతారు. కాస్త తెలిసినవాళ్లకే అది, మా అమ్మీకి చెప్పను. ఆర్గానిక్ మ్యాప్స్ మాత్రం ప్లే స్టోర్‌లోనే ఉంది, ఎవరికైనా చెబుతాను. ముందు రోజు మ్యాప్ దించుకుంటే శ్రీశైలం ఘాట్‌లో సిగ్నల్ పోయినా దారి పోదు.

మంచి యాప్ అయినంత మాత్రాన జబర్దస్తీగా ఎక్కించడం నాకు నచ్చదు. కొత్త ఫోన్లన్నిట్లో సంచార్ సాథీ ముందే ఉండాలని కేంద్రం 2025 నవంబర్‌లో ఆదేశించి, అందరూ అభ్యంతరం చెప్పేసరికి డిసెంబర్‌లో వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకోవడమే సహీ. కానీ అది చేసే పని చాలా అవసరమైనది, అది కూడా యాప్ లేకుండా వాళ్ల వెబ్‌సైట్‌లోనే చేసుకోవచ్చు. మీ నంబర్ కొట్టి ఓటీపీ ఇస్తే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది. పోయిన ఫోన్‌ను మూయించవచ్చు కూడా. మా ఖాలాకు చేసి చూపించాను. ఆమె వాడేది ఒకే ఒక్క నంబర్, తెర మీద నాలుగు వచ్చాయి. రెండు కొడుకులవి. నాలుగోది ఎవరిదో ఎవరికీ మాలూమ్ లేదు. సిమ్ తీసుకున్నప్పుడు వేలిముద్ర సరిగ్గా పడలేదని రెండుసార్లు పెట్టించుకున్నాడని ఖాలాకు ఇప్పుడు గుర్తొచ్చింది. 'నా నంబర్ కాదు' అన్నదాని మీద నొక్కి ఫిర్యాదు పంపాం. జవాబు కోసం చూస్తున్నాం.