రందకి చుక్కలేసేది ఎవరు?

"పెట్టె విప్పగానే ప్రేమలో పడిపోయా." కొత్త రంద మీద మనవాళ్ళు రాసే సమీక్షలు ఈ మధ్య ఇట్లానే మొదలవుతున్నాయి. తర్వాత నాలుగు ఫొటోలు. ఇత్తడి మర మెరుపు, నున్నటి చెక్క పిడి, నూనె కాగితంలో చుట్టిన బ్లేడు. ఆ తర్వాత పైన్ చెక్క మీద నాలుగు తోపులు, ఉల్లిపొర లాంటి పొట్టుని వెలుగుకి పట్టి ఇంకో ఫొటో. ఐదుకి నాలుగున్నర చుక్కలు. అంతే, సమీక్ష అయిపోయింది. ఆ అర చుక్క ఎందుకు తగ్గించారయ్యా అంటే, కొరియర్ వాడు రెండు రోజులు లేటట!

మాదాపూర్ నుంచి న్యూజెర్సీ దాకా చెక్కపని హాబీగా పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు బోలెడు మంది. నేనూ ఆ గుంపులోవాడినే. రోజంతా చేతికి తగలని వస్తువులు తయారు చేసేవాడికి సాయంత్రం చేతికి తగిలేది ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, అందులో తప్పేం లేదు. నా గొడవంతా ఆ చుక్కలతోనే.

రంద అంటే తెలియని వాళ్ళకి ఒక ముక్క. పుస్తకాల తెలుగులో చిత్రిక అంటారు, కోస్తా వైపు తోపడ అని కూడా విన్నాను. మా జనగామ వైపు రందే. చెక్కని నున్నగా చేసే పనిముట్టు. ఇవ్వాళ బజార్లో దొరికే ఇనప రందల్లో ఎక్కువ భాగం లెనార్డ్ బెయిలీ అనే అమెరికా ఆయన గీసిన నమూనాకి పిల్లలే. ఆయన పేటెంట్లని 1869లో స్టాన్లీ కంపెనీ కొనేసింది. అంటే మనం "కొత్త శ్రేణి" అని ఎగబడేది నూటయాభై ఏళ్ళ డిజైన్ కోసం. పాతదైతే ఏం, మంచి డిజైనే. డిజైన్ మంచిదైనప్పుడు చూడాల్సింది దాన్ని సరిగ్గా తయారు చేశారా లేదా అని కదా? ఆ ఒక్కటే మన సమీక్షల్లో ఉండదు.

ఈమధ్య ఒక కంపెనీ మూడు సైజుల్లో కొత్త రందలు దింపింది. నాలుగో నంబరు, ఐదో నంబరు, ఒంటిచేత్తో పట్టే చిన్న రంద. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఈ పని చేసేది వాళ్ళొక్కళ్ళే కాదు. నాలుగో నంబరు ఒక్కటే ఏడు వేల చిల్లర. మూడూ కొని, చుక్కలు వేయకుండా మూడు ఊళ్ళు తిప్పాను. జనగామలో దర్వాజలు, తలుపులు చేసే షెడ్డు. మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో (పేరులోనే మాను ఉంది చూడండి), పాత ఇళ్ళు విప్పిన కలపతో మంచాలు, బల్లలు చేసే చోటు. భూపాలపల్లి అవతల టేకు పని చేసే ఇంకో పెద్దాయన.

జనగామ పెద్దాయన ఇత్తడి మర వైపు చూడనైనా చూడలేదు. రందని తిరగేసి, ఇనప బద్ద ఒకటి అడుగు మీద నిలబెట్టి, గుమ్మంలోంచి వచ్చే ఎండకి ఎత్తి పట్టాడు. పది సెకన్ల పని.

"నడుమ గుంత ఉన్నది బిడ్డా. నోరు కాడ. పోయినోల్లకు వాపస్ ఇయ్యరాదూ?"

ఫీలర్ గేజు పెట్టి చూస్తే 0.15 మిల్లీమీటర్ల రేకు హాయిగా దూరిపోయింది. ఇదేం పెద్ద లెక్క అనుకుంటారేమో, వినండి. బ్లేడు ముందు భాగం చెక్కని గట్టిగా అదిమి పట్టాలి, అప్పుడే వెనకాల బ్లేడు పల్చటి పొర తీస్తుంది. మనం తీయాల్సిన పొర మందం 0.05. గుంత 0.15. అంటే నోటి దగ్గర రంద చెక్కకి ఆననే ఆనదు. బ్లేడు కొంచెం దించితే గాల్లో, ఇంకొంచెం దించితే ఒకేసారి లోతుకి. మెత్తటి పైన్ ముక్క మీద, అదీ రంద పొడవుకంటే చిన్న ముక్క మీద ఆడించి ఫొటో తీస్తే ఇది బయటపడదు. ఏడడుగుల టేకు తలుపు అంచు మీద మొదటి తోపుకే బయటపడుతుంది.

ఈ సంగతి మన హాబీ మిత్రులకి చెప్తే సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. "అది కిట్ అనుకోవాలి బాసూ, ట్యూన్ చేసుకోవాలి. అద్దం మీద గరుకు కాగితం అంటించి అడుగు రుద్దుకుంటే సరి." నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పోత ఇనుముని అంత మేర రుద్దడం అంటే ఒక పూట పని. మనకి అది శనివారం కాలక్షేపం, పైగా వీడియో కూడా అవుతుంది. ఆ పెద్దాయనకి అది సగం రోజు కూలి. తయారీదారు ఎగ్గొట్టిన పనిని కొన్నవాడు చేసుకోవడాన్ని ట్యూనింగ్ అనరు. మన ఆఫీసులో బిల్డ్ అవుతోందా లేదా కూడా చూడకుండా ప్రొడక్షన్‌కి పంపి, "కస్టమర్ ప్యాచ్ వేసుకుంటాడులే, మంచి ప్రోడక్టే" అంటే ఎవరైనా ఊరుకుంటారా? సివియారిటీ వన్ టికెట్ పెట్టి రాత్రి రెండింటికి లేపరూ? అదే మనిషి ఆదివారం రందకి నాలుగున్నర చుక్కలేస్తాడు. కంపెనీకి మెయిల్ పెట్టాను, ఏమాటకామాటే చెప్పాలి, మర్నాడే జవాబొచ్చింది. అంత గుంత వాళ్ళ హద్దుల్లోనే ఉందట. మూసేశారు టికెట్టు!

మానుకోటలో బ్లేడు సంగతి తేలింది. ఈ కొత్త రందల బ్లేడు ఏ2 ఉక్కు. క్రోమియం ఐదు శాతం దాకా ఉంటుంది, పదును ఎక్కువసేపు నిలుస్తుంది అని ప్రచారం. నిజమే, నిలుస్తుంది. టేకులో ఇసుక జాతి సిలికా ఉంటుంది కాబట్టి ఏ బ్లేడునైనా తొందరగా తినేస్తుంది, పాత దూలాల్లో ఉండే దుమ్ము సరేసరి. అక్కడ ఏ2 బాగానే ఓర్చుకుంది. కానీ అరిగిపోయాక? ఆయన దగ్గరున్నది మామూలు కార్బొరండం సానరాయి. ఎంతసేపు పట్టినా అంచు ఎక్కలేదు.

"పదునైతే నిలుస్తది సారు. పోయినంక మల్ల ఎక్కది. గిదేం లాభం?"

తన పాత కార్బన్ ఉక్కు బ్లేడుని రెండు నిమిషాల్లో సానబట్టి, బొటనవేలి గోరు మీద ఆనించి చూసుకుని పనిలో పడిపోయాడు. ఏ2కి డైమండ్ ప్లేట్లు కావాలి, అదింకో ఖర్చు. పదిహేను రోజులకోసారి రంద పట్టేవాడికి ఏ2 మంచిదే. రోజుకి ఐదారుసార్లు సానబట్టే మనిషికి తొందరగా సాన ఎక్కే ఉక్కే మంచిది. సమీక్షలో "ప్రీమియం స్టీల్" అని రాసి ఊరుకున్నవాళ్ళు ఎవరికి ప్రీమియమో కూడా రాయాలి కదా.

ఇంకా తమాషా సంగతి చిప్ బ్రేకర్. బ్లేడు మీద కూర్చునే రెండో ఇనుము. చాలా ఏళ్ళు ఇంగ్లీషు సమీక్షకులు దీన్ని లెక్కే చేయలేదు. మందం బ్లేడు ఉండాలి, నోరు ఇరుగ్గా ఉండాలి, కోణం మార్చాలి, ఇవే పాఠాలు. జపాన్‌లో యమగాటా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లు కవాయి, కాటో తీసిన ఒక దగ్గరి వీడియో 2012 ప్రాంతంలో అందరి కళ్ళా పడింది. చిప్ బ్రేకర్‌ని అంచుకి 0.1 మిల్లీమీటర్ దగ్గరగా జరిపితే ఎదురు నారలో కూడా చెక్క లేవకుండా తెగుతుందని అందులో కంటికి కనిపిస్తుంది. ఒక్కసారిగా అందరూ నాలిక్కరుచుకున్నారు. భూపాలపల్లి పెద్దాయన ఆ వీడియో చూడలేదు, చూసే అవసరమూ లేదు. నల్లమద్ది ముక్క ఒకటి తెచ్చి, రెండో ఇనుముని వెంట్రుకవాసి ఎడంలోకి జరిపి తోయబోయాడు. కొత్త ఐదో నంబరులో ఆ ఇనుము బ్లేడు మీద సరిగ్గా కూర్చోలేదు, సందులో పొట్టు ఇరుక్కుని రంద ఆగిపోయింది. అదే ఇనుముని ఆకురాయితో కాసేపు సవరించాక నల్లమద్ది అద్దంలా వచ్చింది. ఆ కాసేపు పని ఫ్యాక్టరీలో జరగాల్సింది, ఆయన వాకిట్లో కాదు.

ఇప్పుడు ఒకాయన లేస్తాడు. "మెషిన్ రందలొచ్చాయి, ప్లైవుడ్ వచ్చింది, రెడీమేడ్ తలుపులొచ్చాయి. చేతి రంద ఇంకా ఎవడిక్కావాలి?" సగం నిజం. బండ పనంతా మకీటా, బాష్ మెషిన్లే చేస్తున్నాయి, చేయనివ్వండి. కానీ వానాకాలం తలుపు ఉబ్బి దర్వాజకి పట్టేస్తే, ఆ ఆఖరి అర మిల్లీమీటర్ తీయడానికి మెషిన్ పెట్టే వడ్రంగిని నేను చూడలేదు. మిగిలిన పని ఆ కొసలోదే. అందుకే ఆ రంద సరిగ్గా ఉండాలి.

డబ్బు సంగతి కూడా చూద్దాం. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వడ్రంగం అందులో ఒకటి. పనిముట్లకిచ్చే సాయం 15 వేల దాకా. రంపం, ఉలులు, డ్రిల్లు, అన్నీ కలిపి ఒక మనిషి వృత్తికి ప్రభుత్వం కట్టిన లెక్క అది. అందులో సగం ధర పెట్టి ఒక్క రంద అమ్ముతున్నారు, దానికి అడుగు చదునుగా లేదు. మానుకోట ఆయన తమ్ముడు మన చుక్కలు ఫోన్లో చూసే ఆ నాలుగో నంబరు ఆర్డర్ పెట్టాడు, సొంత డబ్బుతో. మనం సరదాగా వేసే చుక్క ఎక్కడిదాకా వెళ్తుందో అక్కడ చూశాను. వాపస్ గడువు వారం. పండగ పనుల్లో పడి పెట్టె విప్పేసరికి పది రోజులు.

కాబట్టి సమీక్ష రాసే మిత్రులారా, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు ఒక ఇనప బద్ద కొనండి. అడుగు కొలవండి, ఎంతొచ్చిందో అంకె వేయండి. మన టేకు మీద, నల్లమద్ది మీద, పొడుగు చెక్క మీద తోయండి. మామూలు సానరాయి మీద ఎంతసేపట్లో పదునెక్కిందో రాయండి. విడి బ్లేడు హన్మకొండలో దొరుకుతుందా, లేక కెనడా నుంచి రావాలా అన్నది రాయండి. ఇవేవీ చేయలేకపోతే "అందంగా ఉంది" అని రాసి ఊరుకోండి, చుక్కలు మాత్రం వేయకండి.

నా లెక్కలో నాలుగో నంబరు వద్దు. ఐదో నంబరు సవరించుకునే ఓపిక ఉంటే సరే. చిన్న రంద మాత్రం నిజంగా బాగుంది, అడుగు చదును, నోరు సరిగ్గా కదులుతుంది, చేతిలో ఇమిడింది. భూపాలపల్లి పెద్దాయన దాంతో ఒక కిటికీ రెక్క అంచు కొట్టి, పొట్టు ఊదేసి, తన సంచిలో వేసుకున్నాడు. నేనూ అడగలేదు :)