చిన్న కారు, పెద్ద ముస్తాబు

మొన్న ఆదివారం మా పెద్దోడు పక్కన కూచొని, "నాయనా, నీ పి.ఎఫ్. డబ్బు ఇస్తివంటే వాణియంబాడిలో కార్లకు సీట్లు కుట్టే అంగడి పెడతా" అన్నాడు. 30 ఏండ్లు మిల్లులో నిలబడి కూడబెట్టిన డబ్బు. సరే అనలేదు, వద్దనీ అనలేదు. మన ఆలంగాయంలో ఏ ఇంట్లో ఈ మాట రాలేదు? వాడికి చెప్పిన సంగతే మీకూ చెప్తా.

లండన్‌లో హెరాల్డ్ రాడ్‌ఫర్డ్ అని ఒక కంపెనీ ఉండేది. ధనవంతుల బెంట్లీ కార్లకు పైభాగం కట్టి, లోపల సొగసులు అమర్చేది. ఆ కాలంలో కారు చట్రం ఒకరు చేస్తే పైభాగం ఇంకొకరు చేసేవాళ్లు. తర్వాత ఫ్యాక్టరీలే రేకును అచ్చుకొట్టి రెండూ ఒకటిగా చేసేశాయి. చేతిపనివాళ్లకు గిరాకీ తగ్గింది. పేరుమోసిన హూపర్ కంపెనీ 1959లో ఆ పనే మానేసింది.

అదే ఏడు మినీ వచ్చింది. పది అడుగుల చిన్న కారు, ధర 500 పౌండ్లలోపే. సామాన్య కుటుంబాల కోసం చేసింది. 1963లో రాడ్‌ఫర్డ్ వాళ్లు ఆ మినీనే తీసుకొని, లోపలంతా విప్పి, తోలు సీట్లు, కొయ్య పలక, మెత్తని తివాచీ పెట్టి 'మినీ డివిల్' అని అమ్మారు. బీటిల్స్ పాటగాళ్లకూ చేసిచ్చారు. రింగో స్టార్ కారుకైతే డ్రమ్ములు పట్టేలా వెనక తలుపు కూడా పెట్టారు.

పని అద్భుతమే. కానీ కొనేది ఎవరు? సినిమావాళ్లు, పాటగాళ్లు, పిడికెడు మంది. ఆ మోజు తీరింది. ఆ పనీ ఎక్కువ కాలం నిలవలేదు.

ఇది విని మావాడు కాసేపు పలకలేదు. తర్వాత, "నేను షోకు కార్లనే నమ్ముకోను నాయనా. టాక్సీలకు, ఆటోలకు, స్కూలు వ్యాన్లకు కుడతా. చినిగిన సీటు ఏ నెలైనా వస్తుంది కదా" అన్నాడు.

అదీ మాట! కుట్టు మిషనుకు, మొదటి తోలు సరుక్కు మాత్రం డబ్బు ఇస్తా. మిగతాది మీ అమ్మ మందులకు బ్యాంకులోనే ఉంటుంది అన్నా. అద్దాల షోరూము మాట ఎత్తొద్దన్నా.

అన్నలారా, అక్కలారా! పిల్లలు డబ్బు అడిగితే కసరొద్దు. "నీ అంగడికి ప్రతి నెలా ఎవరొస్తారు?" అని ఒక్క మాట అడగండి. జవాబు ఉంటే ఇవ్వండి, అంతా మాత్రం ఇవ్వొద్దు.