కొయ్య చెప్పిన సాక్ష్యం

ప్రాచీన వస్తువును అసలుదని ధ్రువీకరించడానికి ధైర్యం కావాలి. నకిలీ అని కొట్టివేయడానికి నోరుంటే చాలు. నకిలీని కొన్నవాడు నవ్వులపాలవుతాడు. అసలుదానిని నకిలీ అన్నవాడు మాత్రం జాగరూకుడనిపించుకుంటాడు. పండితలోకంలో చిరకాలంగా చెల్లుతున్న ఈ ఏకపక్ష న్యాయం సహించదగినది కాదు.

లాస్ ఏంజెలిస్‌లోని జె. పాల్ గెట్టీ మ్యూజియంలో ఫ్రాన్స్ దేశపు బర్గండీ ప్రాంతానికి చెందిన కొయ్య బీరువా ఒకటి ఉన్నది. అక్రోటు కర్రతో చేసిన ఆ బీరువా నిండా చెక్కడాలే. దానిపై 1580 అనే సంవత్సరం కూడా ఉన్నది. 1971లో సేకరించిన ఆ బీరువాను నిపుణులు పందొమ్మిదో శతాబ్దపు అనుకరణగా భావించారు. అందుకు కారణం లేకపోలేదు. ఆ శతాబ్దంలో ఐరోపా ధనికులకు పునరుజ్జీవన కాలపు సామగ్రిపై మోజు పెరిగింది. గిరాకీని బట్టి వడ్రంగులు కొత్త ‘ప్రాచీనత’ను సృష్టించారు.

అయితే అనుమానం విచారణకు నాంది కావాలి గాని తీర్పు కారాదు. ఎట్టకేలకు పరిశోధకులు కొయ్యనే సాక్ష్యమడిగారు. వృక్ష వలయాల గణన, కార్బన్-14 పరీక్ష, నిర్మాణ పరిశీలన కలిసి అది పదహారో శతాబ్దపుదేనని తేల్చాయి. ఆ అధ్యయనం ప్రచురితమైంది కూడా.

విజ్ఞానశాస్త్రం రసజ్ఞుని కంటికి ప్రత్యామ్నాయమా అని కొందరు ఆక్షేపిస్తారు. కాదు. వలయాలు చెట్టు వయస్సును చెబుతాయి గాని ఉలి పడిన దినాన్ని చెప్పవు. పాత కొయ్యపై కొత్తగా చెక్కవచ్చు. కాబట్టి కన్ను అవసరమే. కాని ఆ కన్ను కారణాలు చెప్పాలి. వెర్సాయ్ రాజప్రాసాదం కొన్న పద్దెనిమిదో శతాబ్దపు కుర్చీలలో కొన్ని నకిలీవన్న వ్యవహారం 2016లో బయటపడింది. బీరువా విషయంలో అతిగా శంకించిన నిపుణత, కుర్చీల విషయంలో అతిగా నమ్మింది. రెండుచోట్లా లోపించినది పరీక్షే.

ఇది పరాయి దేశపు ముచ్చట అనుకోరాదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఫ్రెంచి గృహసామగ్రి ఉన్నది. దేశమంతటా సంగ్రహాలయాల గిడ్డంగులూ ఉన్నాయి. దస్త్రంలో ఒకసారి పడిన ‘సందేహాస్పదం’ అనే మాటను తరువాతి అధికారి ఎత్తి రాస్తాడు. అతని తరువాతివాడు దానినే ప్రమాణంగా చూపుతాడు. ఆ మాట రాసినది ఎవరు, ఎప్పుడు, ఏ పరీక్షను బట్టి అన్న మూడు సంగతులూ లేని అభిప్రాయానికి రిజిస్టరులో చోటుండరాదు. వస్తువు తనకు తాను వకాలతు పుచ్చుకోలేదు. దాని తరఫున ప్రశ్నించవలసినది దానిని కాపాడేందుకు జీతం తీసుకుంటున్నవారే.