పాడుపడిన పట్టణములు - నేల చెప్పు సాక్ష్యము

పూర్వపు పట్టణము లేల పాడుపడెనని అడిగినచో, పెద్దలు రాజుల కలహములను, దేవతల శాపములను చెప్పుదురు. శాసనములు చదివినవారు వర్తకము తగ్గినదందురు. ఈ సాక్షులతోపాటు మరియొక సాక్షిని విచారింపవలెనని మా అభిప్రాయము. అది రైతు కాలిక్రింది నేల.

ఘంటసాలను చూడుడు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ యను గ్రీకు పండితుడు ఈ తీరమున ‘కొంటకొస్సిల’ యను వర్తకపు రేవును పేర్కొనెను. నాగార్జునకొండ శాసనమునందలి ‘కంటకసెల’యు అదియేననియు, అది నేటి ఘంటసాల యనియు చరిత్రకారులు నిర్ణయించిరి. ఘంటసాల శాసనమొకటి ఒక ‘మహానావికుని’ పేర్కొనుచున్నది. ఓడల నడిపినవాని పేరు నిలిచిన ఆ యూరికి నేడు సముద్రము 20 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. గుడివాడలోను బౌద్ధస్తూపపు దిబ్బ కలదు. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ ఈ రెండుచోట్ల శిథిలములను గూర్చి 1894లో గ్రంథము ప్రకటించెను.

సముద్ర మంతదూర మేల పోయినది? సుమారు 6,000 ఏండ్ల క్రిందట సముద్రమట్టము పెరుగుట నెమ్మదించెను. అటుపిమ్మట కృష్ణ వరదలతో తెచ్చిన ఒండ్రు పొరలుపొరలుగా పేరి, నేల సముద్రములోనికి సాగెను. వరిచేల నడుమ, తీరమునకు సమాంతరముగా, తాడిచెట్లతోను సరుగుడుతోను కనబడు బారైన ఇసుకమెరకలు ఒకప్పటి సముద్రపుటొడ్డులు.

భూశాస్త్రజ్ఞులు గొట్టమును నేలలోనికి దింపి, పొరలు చెదరకుండ మట్టిని పైకి తీయుదురు. పైన నల్లరేగడి, దాని క్రింద ఒండ్రు, అడుగున గవ్వలతోడి ఇసుక కనబడినచో, అచ్చట మొదట సముద్రతీరముండి, పిమ్మట ఏటివరదలు పారినవని తెలియును. గవ్వలలోను, కుళ్లిన కొయ్యలోను మిగిలిన కర్బనమునుబట్టి కాలము లెక్కింతురు. టర్కీ దేశమున మెండెరెస్ నది ఒండ్రుచే మిలేటస్ రేవు పూడిన విధము ఇట్లే తేటపడినది. ఘంటసాల క్షీణతకు ఒండ్రొక్కటే కారణమని మేమనము. రోముతోడి వర్తకము సన్నగిల్లుటయు, బౌద్ధమునకు ఆదరణ తగ్గుటయు కలవు. ఏది ముందో ఏది వెనుకో తేల్చుటకు మట్టిపొరల కాలము కావలెను.

బందరు కథ వేరు. 1611లో ఇంగ్లీషు వర్తకులు అచ్చట స్థావర మేర్పరచుకొనిరి. తీరమున లోతు చాలక పెద్ద యోడలు దూరముననే లంగరు వేసెడివి. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ కష్టము మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఉప్పెన తీసిపోవునప్పుడు సముద్రపుటిసుకను పలుచని పొరగా విడిచిపోవును. అట్టి పొరలను వెదకినచో, ఎవ్వరును వ్రాసియుంచని ఉప్పెనలుకూడ బయలుపడవచ్చును.

ఇదంతయు పాతకథ యని త్రోసివేయరాదు. నదిపై కట్టిన జలాశయములు మనకు నీరిచ్చినవి గాని ఒండ్రును పట్టియుంచినవి. 1966-69 సంవత్సరములలో కృష్ణ ఏటికి 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చుచుండెను. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు దిగినది. డెల్టా యంచు పలుచోట్ల కోతకు లోనైనది. నాడు ఒండ్రు పెరిగి రేవు చెడెను. నేడు ఒండ్రు కరవై చేలు చెడునేమోయని మా భయము.

కావున సభ్యులకు మా మనవులు రెండు. ఇసుకమెరకలను తవ్వి అమ్మకుడు. వాననీరు ఇంకి, ఉప్పునీటిపై తేలియుండు మంచినీరు ఆ మెరకలలో దొరకును. ఉప్పెనవేళ కాలూనుటకు ఎత్తైన చోటును అదియే. ఇసుక సొమ్ము వెంటనే చేతికి వచ్చునని కొందరందురు. నిజమే. కాని ఆ సొమ్ముతో మరల మెరకను కొనజాలము.

రెండవది, బోరు వేసినప్పుడు, నుయ్యి త్రవ్వినప్పుడు, ఎన్ని అడుగులకు ఏ మట్టి వచ్చెనో, ఎచ్చట గవ్వలు కనబడెనో, ఎచ్చట ఉప్పునీరు తగిలెనో సంఘపు పుస్తకమున వ్రాయించుడు. పొరుగురైతు బోరు వేయుటకు ముందు ఆ పుట చూచుకొనును, వృథాఖర్చు తప్పును. భూశాస్త్రజ్ఞుడు వచ్చిననాడు పది గ్రామముల లెక్క అతని ముందుండును. అప్పు పుస్తకమును జాగ్రత్తగా వ్రాసికొను మన సంఘములకు ఇది భారము కాదు.