ఊళ్లో ఎవరికీ లేని యంత్రం

పిల్లలను "మీ ఇంట్లో ఏమున్నది?" అని అడగడం ఉపాధ్యాయులకు పరిపాటి. అడిగేవారికది మాట కలుపుకోవడం మాత్రమే. జవాబు చెప్పవలసిన పిల్లవానికి ఒక్కొక్కప్పుడు పరీక్షకంటె కష్టం. గత మాసంలో అశోక్‌నగర్‌లో నేను పాఠం చెప్పే తరగతిలో కంప్యూటరు పాఠం ఆరంభిస్తూ నేనూ ఆ ప్రశ్న వేశాను. ఒకరు ఫలానా కంపెనీ ట్యాబ్లెట్ అన్నారు. ఒకరు అన్నగారి ల్యాప్‌టాప్ అన్నారు. నలుగురైదుగురు నాకు పేర్లైనా తెలియని ఆటయంత్రాలను చెప్పారు. చివరి వరుసలోనుంచి ఒక కుర్రవాడు లేచి, "మా ఇంట్లో పాతది ఉందండీ. నాన్నగారి ఆఫీసులో తీసేసింది. అందులో విండోస్ లేదు, లినక్సు వేశారు. ఆటలేవీ రావు" అన్నాడు. తరగతి నవ్వింది. వాడుకూడా నవ్వుతున్నట్లు నటించి కూర్చున్నాడు. ఆ నటన నాకు బాగా తెలుసు. 1988లో చిక్కడపల్లిలో నేను అభ్యసించినది అదే.

ఆ ఏడు నాకు పదకొండేళ్లు. లండనులో ఉద్యోగం చేసే మా మేనమామగారు వేసవి సెలవుకు వస్తూ నాకొక నల్లని పెట్టె తెచ్చారు. నోటుపుస్తకమంత వున్నది, దానిమీద బూడిదరంగు రబ్బరు మీటలు 40. పేరు సింక్లెయిర్ జెడ్.ఎక్స్. స్పెక్ట్రమ్. 1982 ఏప్రిల్‌లో ఇంగ్లండులో విడుదలైనప్పుడు 48 కిలోబైట్ల రకం వెల 175 పౌన్లు. దానిని తయారుచేసిన సింక్లెయిర్ తన కంప్యూటరు వ్యాపారాన్ని 1986లో ఆమ్‌స్ట్రాడ్ అనే కంపెనీకి 50 లక్షల పౌన్లకు అమ్మివేసినాడు. మామయ్య తెచ్చినది ఎవరో వాడి వదలినది. ఆ సంగతి ఆయన దాచనూ లేదు, నేను పట్టించుకొననూ లేదు.

ఆ దేశంలో అది అనాదరణకు గురైన వస్తువు కాదని చెప్పడం న్యాయం. ఆ జాతి యంత్రాలు మొత్తంమీద 50 లక్షలకు పైగా అమ్ముడుపోయినవంటారు. కాని లోకప్రియత్వమనేది వీధి దాటితే మారిపోయే సరుకు. మన దేశంలో డెసిబెల్స్ అనే సంస్థ 1986లో దాని తమ్ముణ్ణి అనుమతితో తయారుచేసి కొన్నేళ్లు అమ్మింది గాని మా వీధి ముఖం అది చూడలేదు. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద మొదట సుమారు 250 పాఠశాలలకు కంప్యూటర్లనిచ్చింది, అవి బి.బి.సి. మైక్రోలు. ఆ మైక్రోను చేసిన ఏకార్న్ కంపెనీ స్థాపకులలో ఒకరు అంతకుముందు సింక్లెయిర్ వద్ద పనిచేసినవాడే గనుక ఆ రెండు యంత్రాలూ దాయాదులు. దాయాదులకు తగినట్లే ఒకదాని క్యాసెట్టు మరొకదానిలో చెల్లదు. ఈ నగరంలోనే ఇ.సి.ఐ.ఎల్. 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును నిర్మించినది నిజమే, కాని అది పిల్లలు ముట్టుకునే వస్తువా? తరువాత రెండు మూడేళ్లకు చిక్కడపల్లి సందులలో గంటకింతని తీసుకుని టీవీమీద మారియో ఆడనిచ్చే దుకాణాలు వెలసినవి. నా స్నేహితులందరూ అక్కడ చేరినారు. వారిలో ఒకడు మా ఇంటికి వచ్చి, నా యంత్రంలో ఆట ఎక్కడానికి క్యాసెట్టు అయిదు నిమిషాలపాటు కీచుమని అరవడం విని, చెవులు మూసుకుని వెళ్లిపోయినాడు. మళ్లీ రాలేదు.

అసలు ఆ యంత్రం మా ఇంట్లో మొదటి రోజున పనిచేయనే లేదు. మా నలుపు తెలుపు టీవీలో గుండ్రని మీట తిప్పితే ఛానెళ్లు 12 వరకే. ఇది తన బొమ్మను పంపేది 36వ ఛానెలు మీద. మామయ్య సెలవు అయిపోయి వెళ్లిపోయారు. నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడ, కాచిగూడ చౌరస్తా, బడీచౌడీ మీదుగా కోఠికి నడిపించినారు. కోఠిలో గుజరాతీ గల్లీ అంటే రేడియో, టీవీ విడిభాగాలకు నేటికీ పెట్టింది పేరు. అక్కడ రెండు దుకాణాలలో "ఇది ఇక్కడి సరుకు కాదు" అని తిప్పిపంపినారు. మూడవ దుకాణంలో కళ్లజోడు నుదుటిమీదకు నెట్టుకున్న ఒక పెద్దమనిషి దానిని మర తీసి విప్పి, చాలాసేపు చూసి, నాన్నగారితో కాకుండా నాతో ఉర్దూలో, "బేటా, దీనిని చేసినవాడు పైసా పైసా లెక్కపెట్టుకుని చేసినాడు, కాని బుద్ధిమంతుడు" అన్నాడు. పాడైన ఒక వీడియో ఆటయంత్రంలోనుంచి చిన్న రేకుపెట్టె పీకి నా యంత్రానికి అతికించినాడు. దానితో మా టీవీ 4వ ఛానెలులో అక్షరాలు కనిపించినవి. ధ్వని యంత్రంలోపలి చిన్న స్పీకరునుంచే వచ్చేది గనుక ఆ బాధ లేదు. ఆ తరువాత కరెంటు అడాప్టరు కాలిపోయినప్పుడు కూడా ఆయనే దిక్కు. బజారులో దొరికే అడాప్టర్లలో చాలావాటికి మధ్య కొన ధనం, అంచు ఋణం, దీనికి తలకిందులు. మీటరు పెట్టి ఆ సంగతి చూపించి, తీగలు మార్చి ఇచ్చినాడు. ధన ఋణ విద్యుత్తులను గురించి బడిలో నేను చదువుకున్నదానికంటె ఆ పావుగంటలో నేర్చినది ఎక్కువ.

ఇక రంగులు. స్పెక్ట్రమ్‌లో రంగులకు 0 మొదలు 7 వరకు అంకెలు. నలుపు, నీలం, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ, లేత నీలం, పసుపు, తెలుపు. ఈ వరుస ఎందుకో రంగుల టీవీ వున్నవానికి తెలియదు. నలుపు తెలుపు టీవీలో చూస్తే, అంకె పెరిగినకొద్దీ బూడిదరంగు తేలికై చివరకు తెల్లబడుతుంది. నా పేదటీవీని ఎరిగినవాడెవడో ఆ దూరదేశంలో వున్నాడని నాకు తోచింది. 1988 అక్టోబరునుంచి ఆదివారం ఉదయం ఆ టీవీ మహాభారతానికి అంకితమైపోయేది; మిగిలిన వేళల్లో అది నాది.

ఆ యంత్రానికి ఆటలు కోఠిలో దొరకవు, ఆబిడ్స్ కాలిబాటమీద పుస్తకాలు దొరకవు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో అడిగితే ఆ పేరే ఎవరూ వినలేదు. వున్నది పెట్టెతో వచ్చిన పుస్తకమొక్కటే. స్టీవెన్ విక్కర్స్ అనే ఆయన వ్రాసినది. (ఈయనే తరువాత మరొకరితో కలిసి జూపిటర్ ఏస్ అనే కంప్యూటరు తయారుచేసినాడు. అందరూ బేసిక్ భాష వాడుతూంటే దానిలో ఫోర్త్ అనే భాష పెట్టి, కొన్ని వేలు మాత్రం అమ్ముకుని, మూతవేసినారు. నాకా వార్త తెలిసిన రోజున ఆయనపై గౌరవం రెట్టింపయింది.) ఆ పుస్తకంలో ఒక అధ్యాయం, ఎవరికి వారు అక్షరాలు తయారుచేసుకునే పద్ధతిని చెబుతుంది. ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది గళ్లు నిలువు. వెలగవలసిన గడికి 1, వెలగరాని గడికి 0. ఒక్కొక్క వరుస ఒక సంఖ్య. ఎనిమిది సంఖ్యలు కలిస్తే ఒక అక్షరం. ఇట్టివి 21 వరకు చేసుకోవచ్చును.

నేను తెలుగు వ్రాయబోయినాను. లెక్కల నోటుపుస్తకంలో గళ్లు గీసి ‘అ’ దిద్దినాను, వచ్చింది. ‘క’ వచ్చింది. ‘కి’ అంటే మరొక అక్షరం, ‘కీ’ మరొకటి. ఒక్క ‘క’ గుణింతంతోనే 21లో సగానికి పైగా ఖర్చు. ‘స్త్రీ’ అని వ్రాయడానికి ఎనిమిది గళ్ల ఎత్తు చాలదు. మూడు రాత్రులు కూర్చుని, ఇంగ్లీషువానికి 26 అక్షరాలుండడం దేవుడు చేసిన పక్షపాతమని తేల్చుకున్నాను.

మా వీధి చివర చిన్న ముద్రణాలయం వుండేది. పెండ్లి శుభలేఖలు, కరపత్రాలు వేసేవారు. బడినుంచి వస్తూ కిటికీవద్ద నిలబడి చూస్తూంటే, సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరుగారు ఏమి కావాలన్నారు. నా గళ్ల కాగితం చూపించినాను. ఆయన దానిని వెలుతురుకు పట్టుకుని చూసి, అక్షరాల అరలవద్దకు తీసుకుపోయినారు. ఒత్తులకు వేరే గదులు. ‘క’ కింద ‘త’ వత్తు పెట్టాలంటే ఆ రెండింటినీ ఏరి పేర్చవలసిందే. ఆ జంటకోసం ప్రత్యేకంగా పోత పోయరు. "ముక్కలు చేసుకో నాయనా, కలుపుకో" అన్నారు. ఆయనకు కంప్యూటరంటే ఏమిటో తెలియదు. ఆ వేళ నాకు తెలుగు లిపిని విడదీసి చూపించిన గురువు ఆయనే.

తలకట్టు, గుడి, ఏత్వం పైగడిలో, అక్షరపు ఒళ్లు నడిమిగడిలో, ఒత్తు కిందిగడిలో. మూడంతస్తులు. ఇట్లు విడగొడితే గుణింతం మొత్తానికి కొద్ది ముక్కలు చాలును. అయినా 21 చాలలేదు. పుస్తకం చివర యంత్రం తన సొంత సంగతులు జ్ఞాపకముంచుకునే స్థానాల పట్టిక వున్నది. అందులో 23675 అనే అంకె ఎదుట, ఈ సొంత అక్షరాలు ఎక్కడ మొదలవుతవో ఆ చిరునామా అక్కడ వ్రాసివుంటుందని చెప్పినాడు. చిరునామా మారిస్తే? రెండు ఆజ్ఞలతో మార్చి చూశాను. యంత్రం కొత్తచోటునుంచి మరో 21 అక్షరాలు చదువుకున్నది! మళ్లీ మారిస్తే మరో 21. రాత్రి పదకొండు గంటలకు టీవీమీద ‘స్త్రీ’ అని, దాని కింద మా అమ్మపేరు, బూడిదరంగులో నిలిచినవి. అమ్మను నిద్రలేపి చూపించినాను. "బాగుంది, ఇక పడుకో" అన్నది.

మరునాడు ఆ క్యాసెట్టు గురించి బడిలో ఒక ఉపాధ్యాయునికి చెప్పినాను. ఆ బడి పేరు, ఆయన పేరు ఇక్కడ అనవసరం. "అది కంప్యూటరు కాదోయ్, విదేశీ బొమ్మ. కంప్యూటరంటే పి.సి." అన్నారు. తరగతి నవ్వింది. కొన్నాళ్లకు నాన్నగారు రేడియోలో వచ్చిన ఉగాది కవిసమ్మేళనాన్ని ఖాళీ అనుకుని ఆ క్యాసెట్టుమీదనే ఎక్కించుకున్నారు. నా అక్షరాలు పోయినవి. మళ్లీ చేయగలను, గళ్ల కాగితాలు వున్నవి. చేయలేదు. నాన్నగారివల్ల కాదు. ఆ నవ్వువల్ల.

ఇంతకూ లేమిని పొగడడం నా ఉద్దేశం కాదు. లేనివాడే నేర్చుకుంటాడనే మాట వున్నవారు కనిపెట్టిన ఓదార్పు. 1994లో నేను కంప్యూటరు శిక్షణకు చేరినప్పుడు డాస్ అంటే ఏమిటో తెలిసిన పిల్లల మధ్య మొద్దువలె కూర్చున్నాను. క్యాసెట్లు మార్చుకునేందుకు ఒక్క స్నేహితుడు వుంటే నా బాల్యం వేరుగా వుండేదేమో. నలుగురికి వున్న వస్తువు వుండడంలో ఒక విద్య వున్నది. నలుగురితో కలిసి నేర్చుకోవడమనేది అదే. దానిని తక్కువచేయను. నేననేదల్లా ఇంతే: ఎవరూ మెచ్చని యంత్రం తనంతట తానుగా ఎవరికీ ఏమీ నేర్పదు. కోఠిలో ఒకరు దానిని విప్పి "బుద్ధిమంతుడు" అన్నందువల్ల, ముద్రణాలయంలో ఒకరు నా గళ్ల కాగితాన్ని వెలుతురుకు పట్టుకున్నందువల్ల నేర్పింది. మూడవవారు బొమ్మ అన్నప్పుడు ఆగిపోయింది. పిల్లవానికి యంత్రం ఇచ్చేది తల్లిదండ్రులు కావచ్చును, దానికి విలువ కట్టేది మాత్రం ఎక్కువగా మనమే, అనగా ఉపాధ్యాయులం. విద్యాశాఖ ఇచ్చే సామగ్రి జాబితాలో ఈ పద్దు ఎక్కడా కనిపించదు.

నా 21 అక్షరాల గొడవ నేటికీ పూర్తిగా తీరలేదని కూడా చెప్పాలి. 1991లో యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దొరికింది. అందులోనూ పద్ధతి మా కంపోజిటరుగారిదే, ముక్కలు వేరువేరుగా వుంచి కలుపుకోవడం. అయినా 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ అనే మన అక్షరాన్ని ఒక కంటికి కనబడని గుర్తుతో కలిపి పంపితే లోకంలోకెల్ల ఖరీదైన ఐఫోన్లు స్తంభించిపోయినవి. లోకమంతా మెచ్చిన యంత్రానికి ‘జ్ఞానం’లోని మొదటి అక్షరం మింగుడుపడలేదు. కంపెనీవారు తరువాత సరిచేసినారు. మన భాషే ఈ యంత్రాల లోకంలో చివరి వరుస పిల్లవాడు. వాని పక్షాన మనం గాక వేరెవరు లేస్తారు?

చివరి వరుసవాని సంగతికి వస్తాను. గంట కొట్టిన తరువాత వాణ్ణి ఆపి, దానితో ఏమి చేస్తావని అడిగినాను. మొదట చెప్పలేదు. తరువాత, ఒక తెలుగు ఫాంటులో వత్తులు పక్కకు జరిగిపోతున్నవనీ, ఆ ఫాంటు లోపల ఏమున్నదో చూడవచ్చునని ఎవరో చెబితే తెరిచి చూశాననీ, ఏమీ అర్థం కాలేదనీ అన్నాడు. ఏ అక్షరంవద్ద అని అడిగినాను. నోటుపుస్తకంలో వ్రాసి చూపించినాడు. శనివారం దానిని తరగతికి తెమ్మన్నాను. "బ్యాటరీ నిలవదు మాస్టారూ, చార్జరు పెట్టే వుంచాలి" అన్నాడు. వాడు వెళ్లిపోయిన తరువాత తరగతి గదిలో ప్లగ్గు ఏ గోడకున్నదో చూశాను. నల్లబల్ల పక్కన ఒకటున్నది. అది పనిచేయడం లేదు. శనివారంలోగా బాగుచేయించాలి.